తక్కెడ నాలుక

గరిటె పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది.

టైము పదకొండూ ఇరవై. పదకొండున్నరకి భోజనాల ట్రాలీలు వార్డులకి బయలుదేరాలి. పొయ్యిల మీద మూడు పెద్ద గిన్నెలున్నాయి. ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో కూరగాయలు, మూడోదాంట్లో మాంసం. మొదటి రెండూ రుచి చూడటం అయిపోయింది. మూడోదాంట్లో గరిటె ముంచి, పైన తేలిన నూనెని ఊది పక్కకి నెట్టి, చెయ్యి తనంతట తాను నోటి దగ్గరికి తెచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి.

ఒట్టు.

"అక్కా, టైమైంది" అన్నాడు రెండో వంటవాడు ట్రాలీ మీద డబ్బాలు సర్దుతూ. నడవాల్సిన చోట పరిగెత్తడం, పరిగెత్తాల్సిన చోట జారిపడటం అతని అలవాటు. అందుకే అందరూ అతన్ని హడావిడి అని పిలుస్తారు.

ఆమెని అందరూ తక్కెడక్క అంటారు. ఆ ఆసుపత్రి వంటశాలలో పద్దెనిమిదేళ్ళుగా ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పలకలేదు. నాలుక మీద చుక్క పడితే చాలు, ఏది ఎంత తగ్గిందో తూకం వేసినట్టు చెబుతుంది. ఒకసారి నీళ్ళ ట్యాంకు కడిగిన మందు పప్పులోకి దిగిందని ఒక్క చెంచాతో పట్టేసి, మూడు వందల మంది భోజనం ఆపించింది. డాక్టర్లు నవ్వారు. సాయంత్రానికి ట్యాంకు అడుగున మందు ప్యాకెట్టు దొరికింది. ఆ తరవాత ఎవరూ నవ్వలేదు.

గుమ్మం పక్కన మేకుకి దారంతో ఒక పుస్తకం వేలాడుతుంటుంది. గిన్నె పేరు, సమయం, 'రుచి చూశాను, బాగుంది' అన్న మాట, కింద ఆమె సంతకం. ఆ సంతకం పడందే ట్రాలీ చక్రం కదలదు.

ఆమె గరిటె దించింది. వాసన చూసింది. ఒక చుక్క మణికట్టు మీద వేసుకుని వేలితో రుద్దింది. చిక్కదనం సరిగానే ఉంది. ముక్కని గరిటె అంచుతో నొక్కింది, విడిపోయింది. ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది. పుస్తకం దగ్గరికెళ్ళి మూడో గడిలో సంతకం పెట్టింది.

 ట్రాలీ చక్రం కదిలింది.

ఒట్టు పుట్టింది ఇదే ఆసుపత్రి మూడో అంతస్తులో. వారం క్రితం మొగుడికి గుండెలో స్టెంటు వేశారు. పాతికేళ్ళు బస్సు నడిపినవాడు, మంచం మీద కూడా డ్రైవరు సీట్లో కూర్చున్నట్టే కూర్చున్నాడు. మాంసం మానాలి, ఉప్పు తగ్గించాలి, లేకపోతే ఇంకోసారి ఇక్కడిదాకా తీసుకురాలేరు అని డాక్టరు చెప్పి వెళ్ళాడు. మొగుడు చాలాసేపు కిటికీ వైపు చూసి, ఇటు తిరిగి బేరం పెట్టాడు.

"నువ్వక్కడ ముక్కలు కొరుకుతుంటే నేనిక్కడ గడ్డి నమలాలా? నువ్వూ మానెయ్. అప్పుడు నేనూ మానేస్తా."

సరేనంది ఆమె. సరే చాలదన్నాడు. తన నెత్తి మీద చెయ్యి పెట్టమన్నాడు. నలభై రోజులు, నాలుక మీద కూడా వేసుకోనని చెప్పమన్నాడు. నర్సు సూది పట్టుకుని నిలబడి ఉంది. మూడు రోజులుగా నిద్ర లేదు ఆమెకి. నెత్తి మీద చెయ్యి పెట్టి, చెప్పమన్నదంతా చెప్పింది. తన ఉద్యోగమే నాలుకతో అన్న సంగతి ఆ నిమిషంలో తట్టలేదు. తట్టేసరికి చెయ్యి తీసేసింది, మాట ఉండిపోయింది. వారం సెలవు ముగిసి ఇవాళే మళ్ళీ పొయ్యి దగ్గరికొచ్చింది.

రెండు గంటలకి వంటశాల ఖాళీ అయ్యాక ఆమె వెనక మెట్ల మీదికెళ్ళి డబ్బా తెరిచింది. ఇన్నేళ్ళూ మధ్యాహ్నం తిండి అక్కడి గిన్నెల్లోంచే. ఇప్పుడు ఇంటి నుంచి డబ్బా. మొగుడికి చేసిందే తనకీ. సొరకాయ కూర. నూనె చెంచాడు, ఉప్పు సున్నా. ఉప్పు డబ్బాని మొగుడే తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు, తనమీద తనకే నమ్మకం లేక.

మెట్టు చివర, బోర్లించిన తొట్టి మీద, గిన్నెలు కడిగే పిన్ని కూర్చుని ఉంది. అరవై దగ్గర పడ్డ మనిషి. ఇరవై రెండేళ్ళుగా ఆ తొట్ల దగ్గరే ఉంది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానిన శనగల్లా ముడతలు పడి ఉంటాయి. ఎవరన్నా పిలిస్తే తప్పు చేసినట్టు లేచి నిలబడుతుంది.

"కూర్చో పిన్నీ. కొంచెం తిని చూడు" అని ఆమె సొరకాయ ముక్కలు మూతలో పెట్టి ఇచ్చింది. ఒక్కతే ఆ చప్పిడి కూడు మింగలేక ఇచ్చింది, నిజానికి.

పిన్ని రెండు చేతులతో తీసుకుంది. నమిలింది. "బాగుందమ్మా" అంది.

"ఏం బాగు. గోడ నాకినట్టుంది."

"లేదమ్మా. చాలా బాగుంది."

ఆమెకి నవ్వొచ్చింది. పాపం, మర్యాదస్తురాలు అనుకుంది. అంతకు మించి ఆలోచించలేదు.

సాయంత్రం ఇంటికెళ్ళగానే మొగుడు గుమ్మంలోనే ఆపాడు. డిపో గేటు దగ్గర తాగొచ్చిన డ్రైవర్లని పట్టుకోవడానికి నోట్లో గొట్టం పెట్టి ఊదిస్తారు. పాతికేళ్ళు ఊదిన మనిషికి ఇప్పుడు ఊదించే అధికారం దొరికింది.

"ఊదు" అన్నాడు.

"నీ మొహం. కాళ్ళు లాగుతున్నాయి, పక్కకి జరుగు."

"ఊదందే బండి లోపలికి రాదు."

ఊదింది. తరవాత వేళ్ళు వాసన చూశాడు. వేళ్ళకి మాంసం వాసన ఉంటుంది కదా, వండేది నేనే కదా అంది. వేళ్ళకి సరే, నోటికి లేదు, పాసు అన్నాడు. గోడ మీది కేలండర్లో ఆ రోజు గడికి అడ్డగీత కొట్టాడు. అలా ఏడు గీతలున్నాయి. గీత కొట్టడానికి లేపిన చెయ్యి ఇంకా సన్నగా వణుకుతూనే ఉంది. ఆమె ఆ చేతినే చూసింది.

*

మంగళవారం పొద్దున ఆడవాళ్ళ వార్డు నర్సు కిందికొచ్చింది. నిన్నటి మాంసం కూర ఉప్పు కషాయమట. సగం మంది వదిలేశారట. ఉప్పు తక్కెడక్క ఒకసారి వేసింది, హడావిడి ఇంకోసారి వేశాడు. నాలుక పెట్టి ఉంటే తెలిసేది. ముక్కుకి ఉప్పు తెలియదు.

"తక్కెడ ముల్లు తుప్పు పట్టిందా ఏంటక్కా" అన్నాడు హడావిడి, నవ్వుతూనే. పద్దెనిమిదేళ్ళలో అది మొదటి ఫిర్యాదు. మొగుడికి బాగోలేక మనసు మనసులో లేదని నర్సుకి సర్ది చెప్పి పంపింది.

ఇక ముక్కుతో నడవదని తేలిపోయింది. ఎవరో ఒకరి నాలుక కావాలి. హడావిడిని అడిగితే మధ్యాహ్నానికి సూపర్‌వైజరు చెవిలో ఉంటుంది. మాంసం ముట్టని మనిషిని మాంసం గిన్నె దగ్గర ఎందుకు నిలబెట్టాలి అని ఆయన అడుగుతాడు. అడగడంలో తప్పు కూడా లేదు. పెద్ద వంట పని పోతే ఆమెని ఎక్కడో కూరగాయలు తరిగే బల్ల ముందు కూర్చోబెడతారు. నలభైలో ఎనిమిది రోజులే అయ్యాయి. ముప్పై రెండు రోజులు ఎలాగో ఒకలా నెట్టుకొస్తే చాలు.

పదకొండూ ఇరవైకి హడావిడి రొట్టెల కోసం స్టోరుకి పరిగెత్తగానే ఆమె తొట్ల వైపు వెళ్ళింది.

"పిన్నీ, ఒక్కసారి ఇలా రా."

పిన్ని నురగ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. ఆమె చెంచాలో కొంచెం మాంసం కూర తీసి అందించింది. ఉప్పు, కారం సరిపోయాయో లేదో చెప్పమంది. పిన్ని చెంచా వైపు, ఆమె వైపు, మళ్ళీ చెంచా వైపు చూసింది. తరవాత గోడ వైపు తిరిగి, పెద్ద వంటావిడ ముందు తినడం తప్పన్నట్టు కొంగు అడ్డం పెట్టుకుని, చెంచా నోట్లో పెట్టుకుంది.

"బాగుందమ్మా."

"ఉప్పు?"

"బాగుందమ్మా. సరిపోయింది."

ఆమె పుస్తకంలో సంతకం పెట్టింది. ఆ రోజు ఫిర్యాదు రాలేదు. దారి దొరికింది అనుకుంది. మధ్యాహ్నం మెట్ల మీద క్యాబేజీ కూరలో సగం పిన్నికి పెట్టింది, కృతజ్ఞతగా. అది కూడా చాలా బాగుందని చెప్పింది పిన్ని.

*

బుధవారం పొద్దున ఆరున్నరకి ఆమె చల్లగది దగ్గరికెళ్ళేసరికి ఇటుక జరిగి ఉంది.

ఆ గది తలుపు అంచున రబ్బరు చిరిగి మూణ్ణెల్లయింది. తలుపు పూర్తిగా పట్టదు. సూపర్‌వైజరుకి మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ రాసుకున్నాడు. ఈలోగా తలుపు తెరుచుకోకుండా ఒక ఇటుక అడ్డం పెట్టారు. ఆ ఇటుక ఇప్పుడు జానెడు దూరంలో ఉంది. తలుపు సందులోంచి చల్లగాలి కాళ్ళకి తగులుతోంది. ఎప్పుడు జరిగిందో ఎవరికి తెలుసు.

ఆమె మాంసం తట్టలో చెయ్యి పెట్టింది. ఉండాల్సినంత చల్లగా లేదు. అలాగని వేడిగానూ లేదు. ముక్క నొక్కితే గుంట కొంచెం ఆలస్యంగా పైకి లేచింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అవునంటే అవును, కాదంటే కాదు. నూట ఎనభై మందికి సరిపడే మాంసం. పారేయమంటే సూపర్‌వైజరు కారణం అడుగుతాడు, అనుమానం కారణం కాదంటాడు.

అనుమానం వచ్చిన మాంసాన్ని ఆమె ఎప్పుడూ ఒకే పద్ధతిలో తేల్చేది. బాగా కడిగి, విడిగా ఉడకబెట్టి, మసాలా పడకముందు ఉత్త నీళ్ళలో ఉడికిన ముక్కని నాలుక మీద పెట్టుకునేది. పాడైన మాంసం నాలుక అంచుల్ని చిటుక్కున గిచ్చుతుందని చెప్పేది. ఆ గిచ్చుడు ముక్కుకి తెలియదు, కంటికి తెలియదు.

ముక్క ఉడికింది. పళ్ళెంలో పెట్టుకుని ఆమె చాలాసేపు నిలబడింది. నాలుక చివర తగిలించి ఉమ్మేస్తే సరి. ఎవరు చూస్తారు. ఊదించినా దొరకదు. కానీ ఒట్టు ఊదించేవాడికి వేసింది కాదు. నెత్తి మీద చెయ్యి పెట్టినప్పుడు అరచేతికి తగిలిన పల్చటి జుట్టు, దాని కింది వేడి ఆమెకి ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. ఈ ముక్క ఇక్కడ నోట్లో పెట్టుకుంటే అక్కడ కుర్చీలో కూర్చున్న మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడేమో. పిచ్చి అని తెలుసు. పిచ్చి అని తెలిసినంత మాత్రాన భయం పోతుందా.

"పిన్నీ" అని పిలిచింది.

పిన్ని వచ్చింది. గోడ వైపు తిరిగింది. ఈసారి కొంచెం ఎక్కువసేపే నమిలింది. నములుతూ ఒకసారి ఆగింది. ఆ ఆగడం ఆమె చూసింది. తరవాత పిన్ని గొంతు కదిలింది, మింగేసింది.

"ఎలా ఉంది?"

"బాగుందమ్మా."

"వేరే రుచేమన్నా తగిలిందా?"

పిన్ని ఆమె మొహంలోకి చూసింది. ఆ మొహంలో ఏం కావాలో వెతికినట్టు చూసింది. "లేదమ్మా. బాగుంది" అంది.

ఆమె ఊపిరి వదిలింది. మసాలా వేసింది. పదకొండూ ఇరవై ఆరుకి సంతకం పెట్టింది. ట్రాలీలు కదిలాయి.

*

గురువారం ఆమె వచ్చేసరికి వంటశాల గుమ్మంలో సూపర్‌వైజరు, ఇద్దరు నర్సులు నిలబడి ఉన్నారు. మాట్లాడుతున్న వాళ్ళు ఆమెని చూసి ఆపేశారు.

మగవాళ్ళ వార్డులో పదకొండు మందికి, ఆడవాళ్ళ వార్డులో ఆరుగురికి వాంతులు. అందరూ మాంసం తిన్నవాళ్ళే. పదహారు మందికి సెలైన్లతో తగ్గింది. పదిహేడో మనిషి మగవాళ్ళ వార్డు ఏడో మంచం, ముసలి దర్జీ. పది రోజుల క్రితం కడుపు ఆపరేషన్ అయింది. వాంతులకి కుట్లు తెగి మళ్ళీ లోపలికి తీసుకెళ్ళారు.

 ఆమెకి దొంగకి తేలు కుట్టినట్టయింది.

సూపర్‌వైజరు ఆమెని పక్కకి పిలిచి ధైర్యం చెప్పాడు. నీ మీద ఎవరికీ అనుమానం లేదన్నాడు. కూర నమూనా పరీక్షకి పంపారు, ఫలితం రావడానికి పది రోజులు పడుతుంది. ఆ వారానికి మాంసం వండొద్దన్నారు. సూపరింటెండెంటు మేడం మాత్రం రేపు సాయంత్రానికల్లా ఎక్కడ తప్పు జరిగిందో తేల్చమంది. ఆయన అప్పుడే తేల్చేశాడు. పుస్తకం చంకలో పెట్టుకుని తిరుగుతున్నాడు.

"ఇదిగో చూడు. పదకొండూ ఇరవై ఆరు, బాగుంది, నీ సంతకం. నీ నాలుక తప్పు చెప్పిందా ఎప్పుడన్నా? లేదు. అంటే గిన్నెలో ఉన్నంతసేపు కూర శుభ్రంగా ఉంది. పాడైంది ఎక్కడ? డబ్బాల్లో. డబ్బాలు కడిగిందెవరు?"

ఆయన లెక్కలో ఎక్కడా పొల్లు లేదు. ఒక్క మొదటి అంకె తప్ప.

తొట్ల దగ్గర పిన్ని మాంసం డబ్బాల్ని మళ్ళీ కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది. ఒక డబ్బా మూల గోటితో గీకి, వెలుతురులో పెట్టి చూసి, మళ్ళీ నురగలో ముంచింది. పిన్నికి అప్పటికే ఎవరో పిలిచి చెప్పినట్టున్నారు. హడావిడి ఆ రోజు ఒక్కసారి కూడా పరిగెత్తలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తున్నారు అన్నాడు ఆమెతో మెల్లగా. తలుపు రబ్బరు సంగతి మాత్రం ఎవడూ ఎత్తడు అన్నాడు. అన్నవాడూ ఎత్తలేదు.

సాయంత్రం ఇంటి గుమ్మంలో మొగుడు ఊదమన్నాడు. ఆమె అతన్ని దాటుకుని లోపలికెళ్ళి, చెప్పులతోనే కుర్చీలో కూలబడింది. ఏమైందన్నాడు. తలనొప్పి అంది. అతనే లేచి బీరకాయ కూర వడ్డించుకున్నాడు, ఆమెకీ పెట్టాడు. ఒక్కో ముక్కనీ కూలీ పనిలా నమిలాడు. ఇవాళ గుండెలో బరువు తగ్గినట్టుంది, రెండో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కానని చెప్పాడు. మార్కులు చూపించే పిల్లాడిలా చెప్పాడు. కేలండర్లో పదో గీత కొట్టాడు.

ఆ గీత వైపు చూస్తూ ఆమె కూర మొత్తం తినేసింది. ఏం తిన్నదో తెలియలేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు ఒక తెల్లకాగితం ఇచ్చాడు. రెండు లైన్లు రాయమన్నాడు. కూర రుచి చూశాను, బాగుంది అని. నాలుగింటికి మేడం దగ్గర పెట్టాలన్నాడు. పిన్నిని సోమవారం నుంచి రావద్దని చెప్పేశామని, ఎలాగూ ముసలిదైపోయిందని అన్నాడు.

ఆమె కాగితం పట్టుకుని వెనక మెట్ల మీదికెళ్ళింది. పిన్ని తొట్టి మీద కూర్చుని ఒక సంచిలో తన సామాను సర్దుకుంటోంది. ఒక పాత తువ్వాలు, ఒక గ్లాసు, పీచు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగానికి అంతే సామాను.

"పిన్నీ, డబ్బాలు సరిగ్గా కడిగావా?"

"కడిగాననే అనుకున్నానమ్మా. ఏమో. కళ్ళు సరిగ్గా ఆనట్లేదు ఈమధ్య. నేనే సరిగ్గా చూడలేదేమో." పిన్ని తల ఎత్తలేదు. "ఆ ఏడో మంచం ఆయన ఎలా ఉన్నాడో కనుక్కున్నావా?"

"బతికాడు. గండం గడిచిందన్నారు."

"హమ్మయ్య" అంది పిన్ని. పీచు తీసి సంచిలో పెట్టుకుంది.

చెంచా సంగతి ఎవరికన్నా చెప్పావా అని అడగాలనుకుంది ఆమె. అడగక్కర్లేకపోయింది. చెప్పి ఉంటే ఈపాటికి ఆ సంచి సర్దుకుంటున్నది పిన్ని అయ్యేది కాదు.

"బుధవారం నీకు ముక్క పెట్టాను కదా. అది ఎలా ఉంది? నిజం చెప్పు."

పిన్ని చేతులు ఆగాయి.

"కొంచెం గిచ్చింది" అంది.

"ఎక్కడ?"

"నాలుకకి ఇటూ అటూ."

ఆమె మెట్టు మీద కూర్చుండిపోయింది. తన నాలుకకి మాత్రమే తెలుసనుకున్న గిచ్చుడు అది. సరిగ్గా ఆ చోటే, సరిగ్గా అలాగే. పద్దెనిమిదేళ్ళు తను పెద్దపేరు మోసిన విద్య, పది అడుగుల దూరంలో నురగలో చేతులు పెట్టుకుని నిలబడ్డ మనిషి దగ్గరా ఉంది.

"మరెందుకు చెప్పలేదు?"

పిన్ని ఆ ప్రశ్న అర్థం కానట్టు చూసింది. "నీ కూరకి నేను వంక పెట్టడమేంటమ్మా" అంది.

అంతే అంది. అందులో నిష్ఠూరం లేదు. సొరకాయ చాలా బాగుందని ఎలా చెప్పిందో ఇదీ అలాగే చెప్పింది. ఆమెకి అప్పుడు ఆ మూతలో పెట్టిన చప్పిడి ముక్కలు గుర్తొచ్చాయి. సోమవారమే చెప్పేసింది పిన్ని, తన మాటకి విలువ ఎంతో. గోడలాంటి కూరని బాగుందన్న నోటిని, రెండు రోజుల తరవాత నూట ఎనభై మంది కడుపుల ముందు కాపలా పెట్టింది తను.

కాగితం మోకాలి మీద పెట్టుకుంది. పెన్ను అడిగితే పిన్ని దగ్గర లేదు. లోపలికెళ్ళి, మేకుకి పుస్తకంతో పాటు వేలాడే పెన్ను దారం తెంపి తెచ్చుకుంది. రెండు లైన్లు కాదు, ఆరు రాసింది.

సూపర్‌వైజరు చదివి, తలుపు వేసి, ఆమెని కూర్చోమన్నాడు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే అన్నాడు. మొగుడికి బాగోలేదు, నీ మనసు బాగోలేదు, ఇది నేను చించేస్తాను, నువ్వు వెళ్ళి ఇంకోటి రాయి అన్నాడు. ఆయన వేలు ఐదో లైను మీద ఉంది. చల్లగది తలుపు గురించి ఉన్న లైను అది.

"చించండి సార్. ఇంకోటి రాసినా ఇదే రాస్తాను."

"ఒక గిన్నెలు కడిగేదాని కోసమా?"

ఆమె కాగితం ఆయన చేతిలోంచి తీసుకుని, మెట్లెక్కి, మేడం గది బయట బల్ల మీద కూర్చుంది. నాలుగింటి దాకా కూర్చుంది.

సూపరింటెండెంటు మేడం నిలబడే చదివింది. చెప్పుల్లోంచి ఒక కాలు బయటికి తీసి రెండో పాదానికి ఆనించి నిలబడింది, పొద్దుటి నుంచీ నిలబడ్డ మనిషిలా. కాగితంలో ఇలా ఉంది: బుధవారం మాంసం కూర నేను రుచి చూడలేదు. చూశానని సంతకం పెట్టాను. సోమవారం, మంగళవారం కూడా అంతే. మాంసం మీద అనుమానం వచ్చి కూడా పంపాను. చల్లగది తలుపు మూణ్ణెల్లుగా పట్టడం లేదు. డబ్బాలు శుభ్రంగా ఉన్నాయి.

"ఎందుకు చూడలేదు?"

"మాంసం మానేశాను మేడం. ఇంట్లో ఆయన కోసం."

"ఒక్క మాట మాకు చెప్తే సరిపోయేది కదా."

"అవును మేడం."

"మరి వేరే ఎవరితోనన్నా చూపించొచ్చు కదా?"

 "తట్టలేదు మేడం" అంది. ఆ వారంలో రుచి గురించి ఆమె చెప్పిన అబద్ధాల్లో అది నాలుగోది, ఆఖరిది.

*

శనివారం ఉత్తర్వు వచ్చింది. పెద్ద వంట పని హడావిడికి. ఆమెకి ఆరు నెలలు గిన్నెల తొట్లు. పిన్ని యథాప్రకారం. చల్లగది తలుపుకి సోమవారం కొత్త రబ్బరు వేశారు. మూణ్ణెల్లు కాని పని ముప్పావుగంటలో అయిపోయింది. ఇటుకని ఎవరో కిటికీలో పెట్టారు. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. దానికోసం ఎవరూ ఎదురుచూడటం లేదు కూడా.

ఇంట్లో ఆ శనివారమే చెప్పేసింది.  ఒక చుక్క నాకి ఉమ్మేస్తే నేనేం చచ్చిపోయేవాణ్ణా అన్నాడు మొగుడు.

"నెత్తి మీద చెయ్యి పెట్టించుకుందెవరు?"

"పోనీలే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేశా. రేపటి నుంచి నువ్వు తిను. నేను ఒక్కణ్ణే చేస్తాలే."

ఆమెకి ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఇప్పుడు తీసి ఎవరికి లాభం అంది. తొట్ల దగ్గర నాలుకతో పనేముంది అంది. ఆదివారం పొద్దున అతను కేలండర్ ముందు పెన్సిల్ పట్టుకుని నిలబడి, వెనక్కి తిరిగి చూశాడు. కొట్టు అన్నట్టు ఆమె చెయ్యి ఊపింది.

మంగళవారం తొట్ల దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. పిన్ని ఆమెకి పద్ధతి చూపించింది. ముందు పళ్ళేలు, తరవాత డబ్బాలు, ఆఖర్న మాడిన గిన్నెలు. నీళ్ళు మార్చాల్సింది నురగ చూసి కాదు, నూనె వేళ్ళకి జారడం మొదలైనప్పుడు. చెప్పిందంతా గొణిగినట్టే చెప్పింది. ప్రతి మాట చివరా 'నీకు తెలియనిదా అమ్మా' అని తగిలించింది. నాకు తెలియదు పిన్నీ, చెప్పు అంది ఆమె ప్రతిసారీ. పదకొండూ ఇరవైకి లోపల హడావిడి గరిటె ఊదుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆమె తల తిప్పలేదు. చేతిలో ఉన్న డబ్బా మూలని గోటితో గీకింది.

రెండింటికి వేళ్ళు ఎండబెట్టుకుంటూ మెట్ల మీద కూర్చున్నారు. ఆమె వేళ్ళ చివర్లు కూడా ముడతలు పడ్డాయి. డబ్బా తెరిచి, బీన్స్ కూర మూతలో పెట్టి పిన్నికి ఇచ్చింది. పిన్ని రెండు చేతులతో తీసుకుంది. నమిలింది.

"ఎలా ఉంది పిన్నీ?"

పిన్ని నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళ అలవాటు పెదవుల దాకా వచ్చింది, అది ఆమెకి కనిపించింది కూడా. పిన్ని నోరు మూసుకుంది. మూతలోకి చూసింది. తొట్ల వైపు చూసింది. ఆమె మొహంలోకి మాత్రం ఈసారి చూడలేదు.

"ఉప్పు లేదమ్మా" అంది.

ఆమె నమలడం ఆపింది.

"మొదటి రోజు నుంచీ లేదు" అంది పిన్ని. "సొరకాయలో లేదు. క్యాబేజీలో లేదు. మరిచిపోతున్నావేమో అనుకున్నా."

"ఇంకా?"

పిన్ని ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. గోడ వైపు తిరగలేదు. కొంగు అడ్డం పెట్టుకోలేదు. కళ్ళు కొంచెం మూసి, ముక్కని ఆ దవడ నుంచి ఈ దవడకి మార్చి, తీరిగ్గా నమిలింది.

"ముక్కలు పెద్దవి కోశావు. పైన మెత్తబడ్డాయి కానీ లోపల ఉడకలేదు."

ఆమె తన డబ్బాలోంచి ఒక ముక్క తీసి, అప్పటిదాకా ఊరికే మింగుతున్నదాన్ని, ముందు పళ్ళతో రెండుగా కొరికి నాలుక మీద పెట్టుకుంది. లోపల పచ్చిగానే ఉంది.